వాసానికి కట్టిన విల్లు

కరీమున్ మిరపకోత నుంచి వచ్చేసరికి ఇంట్లో రేడియో మోగడం లేదు.

ఇది చిన్న సంగతేమీ కాదు. పేటలో పత్తి మిల్లు మూతపడ్డ దగ్గర్నుంచీ ఆ ఇంట్లో పొయ్యి వెలగని పూటలున్నాయేమో గానీ రేడియో మోగని పూట లేదు. మిల్లులో ఆఖరుసారి ఇచ్చిన జీతంతో ఖాదర్ వలి దాన్ని కొనుక్కొచ్చాడు. ఏకై వచ్చి మేకై కూర్చున్నట్టు అది ఇల్లంతా ఆక్రమించింది. పాటలూ, నాటకాలూ, ధరవరలూ, పొలం పనుల మీద పెద్దమనుషుల సలహాలూ, సెంటు పొలం లేకపోయినా అన్నీ వినేవాడు. నులకమంచం మీద వెల్లకిలా పడుకుని, రేడియోని గుండెల మీద పెట్టుకుని, తనకు ఒక్క ముక్క అర్థంకాని భాషలో క్రికెట్టు వ్యాఖ్యానం కూడా వినేవాడు. "ఎవరు గెలిచారయ్యా?" అని కరీమున్ అడిగితే, "ఇంకా ఆడతన్నారు" అనేవాడు. బ్యాటరీలు అయిపోయిన రోజున సుభానీ టీ కొట్టు ముందున్న బల్ల మీద కూర్చుని అక్కడి రేడియో వినేవాడు.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. ఆ ఇంట్లో కరగడానికి కొండలు లేవు, కరీమున్ చేతులే ఉన్నాయి. పొద్దస్తమానం పండుమిరపకాయలు కోసిన చేతులు. కారం గోళ్ళ సందుల్లోకి దిగి, మజ్జిగతో కడిగినా మంట చల్లారేది కాదు.

ఇప్పుడు మంచం ఖాళీగా ఉంది. గోడ గూట్లో రేడియో లేదు. ఆమె గంప దించి సుభానీ కొట్టు దాకా వెళ్ళి చూసింది. బల్ల మీద తక్కిన వాళ్ళంతా ఉన్నారు, ఖాదర్ వలి లేడు.

"వలీ ఇటు రావటం మానేసి చాలా రోజులైందమ్మా" అన్నాడు సుభానీ టీ వడబోస్తూ. "మాతో పొసగటం లేదేమో!"

బల్ల మీదివాళ్ళు నవ్వారు. కరీమున్ నవ్వలేదు. సోమరి మొగుడితో ఒక సుఖం ఉంది, ఎక్కడున్నాడో తెలుస్తుంది. ఆ సుఖం కూడా పోయిందని ఆమెకు ఆ బల్ల ముందు నిలబడ్డప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చి నడుం వాల్చింది. తల కింద దిండు అట్టముక్కలా ఉంది. లేచి చూసింది. తను తెల్లదారంతో సన్నగా కుట్టిన అంచుని ఎవరో విప్పి, నల్లదారంతో పెద్ద పెద్ద కుట్లు వేశారు. లోపల దూది సగానికి సగం లేదు. ఎటు చూసినా పత్తి పొలాలే ఉన్న దేశంలో, దిండులోని దూది దొంగిలించే దొంగ ఎవడు?

ఖాదర్ వలి చీకటి పడకముందే వచ్చాడు. రావడం రావడం తొట్టి దగ్గరికి పోయి, కుంకుడు రసంతో మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కున్నాడు. తిన్న కంచం కడగని మనిషి!

"ఏడకి పోయావు?"

"ఊరికే. అట్టా."

"రేడియో ఏది?"

"బాగుకిచ్చా."

"నిన్న బానే పాడింది గదా?"

"ఇయ్యాల పాడలా."

అంటూ చూపు తప్పించి ఇంటి వాసాల వైపు చూశాడు. అక్కడ వాళ్ళ నాన్న దూదేకిన విల్లు మసిబట్టి వేలాడుతోంది. దాని తాడు ఎప్పుడో తెగి ఊడిపోయింది. ఆ విల్లు భుజాన వేసుకుని ముసలాయన ఊరూరా కేకేసుకుంటూ తిరిగేవాడనీ, బళ్ళో పిల్లలు తనని 'ధుంయ్ ధుంయ్' అని ఏడిపించేవాళ్ళనీ ఖాదర్ వలి పెళ్ళయిన కొత్తలో చెప్పాడు. "ఆ కేక మాత్రం నా నోట రాదు" అని కూడా చెప్పాడు. అందుకే మిల్లుకి పోయాడు. కరీమున్ పుట్టింటివాళ్ళు గాజుల మలారం మోసి ఊరూరా అమ్మినవాళ్ళు. వాళ్ళకు విల్లు సంగతి తెలియదు. ఈ ఇంట్లో ఆమెకు అది బూజు దులపాల్సిన ఒక కొయ్య, అంతే.

మర్నాడు చేలో ఎలీసమ్మ పక్క సాలులో కోస్తోంది. ఎలీసమ్మది చర్చి పల్లె. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకే ముఠాలో కోతకు పోతున్నారు. ఎలీసమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. రేడియో బాగుకి పోయిందని కరీమున్ పొద్దున్నే ఆమెతో అనేసింది.

"రేడియో బాగైందంట గదక్కా?"

"నీకెవరు చెప్పారే?"

"చెప్పేదేముంది, చెవులున్నయ్యి గదా. నిన్న మాంసం వీధిలో పోతంటే నసీమున్నీసా ఇంట్లో మోగతంది."

"రేడియోలన్నీ ఒకలాగే మోగుతయ్యి" అంది కరీమున్ కాయ తుంచుతూ.

"మోగితే మోగినయ్యిలే. దానికి నువ్వు కుట్టిన పూల గౌను కూడా ఉందే! అంచుకి లేసు, మూలన చిరుగు. మా పాస్టరుగారి మీదొట్టు, నా కళ్ళతో చూశా."

కరీమున్ చెయ్యి ఆగిపోయింది. ఆ గౌను రేడియోకి తొడుగుగా ఆమె తన జాకెట్టు గుడ్డలో మిగిలిన ముక్కతో కుట్టిందే.

నసీమున్నీసా మాంసం కొట్టు మస్తాన్ భార్య. మస్తాన్ పోయాక కొట్టు మరిది గౌస్ బాషా చేతికి వెళ్ళింది. తలకాయలూ, కాళ్ళూ, పేగులూ శుభ్రం చేసి అమ్ముకోవడం ఆమె వంతుకి మిగిలింది. ఒంటరి మనిషి, నవ్వితే వీధి చివరికి వినపడుతుంది. ఊరు క్షమించని గుణాలు రెండూ ఆమెలోనే ఉన్నాయి.

సాయంత్రం కరీమున్ తిన్నగా ఇంటికి పోకుండా మాంసం వీధి మీదుగా వచ్చింది. తడిక సందులోంచి పాట వినపడింది. మేకుకి వేలాడుతున్న పూల గౌను కనపడింది. గుమ్మం పక్కన చెప్పుల జత. ఎడమ చెప్పుకి పత్తిబస్తా దారంతో వేసిన కుట్టు.

లోపలికి పోయి జుట్టు పట్టుకునే మనిషే కరీమున్. ఆవేళ గుమ్మం దాటలేదు. చూడనంత వరకూ అది అనుమానం, చూస్తే నిజమైపోతుంది. ఆ నిజానికి ఆమె భయపడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంటికొచ్చేసింది.

ఎలీసమ్మ జాలిపడి వెంట వచ్చింది. జాలి సగం, చోద్యం సగం. పొయ్యిలోకి పత్తికంప తెద్దామని ఇద్దరూ ఇంటి వెనక్కి పోయారు. మోపు లాగారు. మోపు వెనక, గోడకి కొట్టిన మేకు నుంచి ఒకటి వేలాడుతోంది. తాడులా ఉంది, తాడు కాదు. తడితడిగా, పసుపుపచ్చగా, పాములా మెలికలు తిరిగి ఉంది. మీద వేపరొట్ట కప్పారు. కింది చివర నల్లగుడ్డలో చుట్టిన రాయి.

"ముట్టుకోమాక అక్కా!" అని ఎలీసమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "పేగు! పసుపు, వేపాకు, నల్లగుడ్డ... ఇంకేం కావాలి? మా వాళ్ళయితే ప్రార్థన పెట్టిస్తారు. మీ వాళ్ళేం చేస్తారో నాకు తెలవదు."

ఆ నల్లగుడ్డని కరీమున్ గుర్తుపట్టింది. నసీమున్నీసా మొగుడి చావునాడు కప్పుకున్న దుప్పటి అంచు అది. అన్నీ ఒక్కసారిగా అతికాయి. రేడియో పోవడం, దిండులో దూది పోవడం, మనిషి ఒకటడిగితే ఇంకోటి చెప్పడం. దిండులో దూది తీసింది ఇందుకే, తల ఆనించే దూదితోనేగా ప్రయోగం చేసేది! అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు. ఆ భూతానికి ఎలీసమ్మ తోడు కూడా దొరికింది.

కరీమున్ కొడవలి తెచ్చి దాన్ని ముక్కలు ముక్కలుగా కోసింది. పొయ్యిలో వేసింది. దిష్టి తీసినట్టు రాళ్ళుప్పు, ఎండుమిరపకాయలు పైన వేసింది. మిరపకాయలకు ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు.

"చూశావా, ఘాటు రాలా!" అంది ఎలీసమ్మ ముక్కు మూసుకుని.

పేగు కాలే కంపులో ఏ ఘాటు మాత్రం తెలుస్తుంది?

ఎలీసమ్మ అటు పోయింది, ఖాదర్ వలి ఇటు వచ్చాడు. ముఖంలో వెలుగుంది. మిల్లు రోజుల్లో జీతం నాడు కూడా అంత వెలుగు ఆమె చూడలేదు. తిన్నగా ఇంటి వెనక్కి పోయాడు. కాసేపటికి చేతిలో రాయి పట్టుకుని తిరిగొచ్చాడు. వెలుగు లేదు.

"ఇక్కడ కట్టింది ఏమైంది?"

కరీమున్ అన్నం కలియబెడుతూ ఉండిపోయింది. చెప్పనీ, వాడి నోటితోనే చెప్పనీ అనుకుంది.

"కుక్క లాగితే రాయి కూడా పోయేది. ఇది మనిషి పనే." రాయి గుమ్మం పక్కన పడేశాడు. "ఇంకెవడు, గౌస్ బాషా గాడు! వాళ్ళ వదిన నాకు పేగులియ్యటం వాడికి కిట్టలా. ఇయ్యాల వాడో నేనో తేలిపోవాలి" అంటూ గుంజకు ఆనించిన కర్ర అందుకున్నాడు.

"పేగులెందుకు నీకు?"

అతను కర్రతో వాసాల వైపు చూపించాడు. "దాని తాడుకి."

కరీమున్ తలెత్తింది. విల్లు కనపడింది. ఎప్పటిలా వేలాడుతోంది గానీ ఇప్పుడు దానికి మసి లేదు. ఎవరో తుడిచి నూనె రాశారు. దిండులో దూది తాళ్ళని కొట్టి చూడ్డానికి పోయిందనీ, కుంకుడు రసం పేగుల కంపు పోగొట్టడానికేననీ ఆమెకు ఆ క్షణంలో తెలిసిపోయింది. దూదేకులవాళ్ళ కోడలు దూదేకే తాడుని చేతబడి అనుకుంది! అతను గడప దాటుతున్నాడు. ఇంకొక్క ఘడియ నోరు మూసుకుంటే గౌస్ బాషా తల పగులుతుంది.

"ఆగు. ఎవరూ కాదు. నేనే."

"నువ్వా?"

"కోసి పొయ్యిలో పెట్టా. ప్రయోగం అనుకున్నా."

అతను కర్రతోనే ఆమె వైపు తిరిగాడు. కొడతాడనుకుంది. కొట్టినా బాగుండేది. కర్రని మళ్ళీ గుంజకు ఆనించాడు.

"నామీద ప్రయోగం చేసి నసీమక్క ఏం బావుకుంటదే? పనీపాటా లేనోణ్ణి" అన్నాడు.

"నాకొక్క మాట చెప్పుంటే..."

"సైకిళ్ళ కొట్టు పెడతానంటే ఏమన్నావు? కోళ్ళు పెంచుతానంటే ఏమన్నావు? బోరింగు దగ్గర పదిమందిలో నవ్వావు. అందుకే ఇది మోగిందాకా చెప్పగూడదనుకున్నా."

మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. గుండెల మీద పెట్టుకోవడానికి ఇప్పుడు రేడియో కూడా లేదు.

తెల్లారి కరీమున్ కోతకు పోతూ చూస్తే సుభానీ కొట్టు బల్ల మీద ఖాదర్ వలి కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి కూడా చూడనట్టు రేడియో వైపు చెవి పెట్టాడు. ఇన్నాళ్ళూ ఆ బల్ల మీద అతన్ని చూస్తే కోపం వచ్చేది. ఇప్పుడు తనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అక్కడ కూర్చోబెట్టినట్టు అనిపించింది. ఇప్పుడు గనక కూర్చుంటే ఈ మనిషి ఇక లేవడు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

చేను వైపు వెళ్ళకుండా మాంసం వీధికి తిరిగింది.

నసీమున్నీసా పెరట్లో తొట్టి ముందు కూర్చుని పేగులు కడుగుతోంది. కరీమున్ని చూసి, "రా రా! మోగిందా?" అంది.

"లేదు. కాల్చేశా."

"కాల్చటమేంది?"

"నువ్వు చేతబడి చేశావనుకున్నా."

నసీమున్నీసా నవ్వుతుందనుకుంది. ఆమె నవ్వలేదు. చేతులు నీళ్ళలోంచి తీసి మోకాళ్ళకు తుడుచుకుంది.

"మొగుడు చచ్చినదాని గడప మొగాడు తొక్కితే ఊరికి రెండే తోస్తయ్యి. రంకో, మందో. నువ్వు రెండూ అనుకున్నావన్నమాట."

కరీమున్ తలొంచుకుంది. "తప్పయింది. ఇంకో తాడు కావాలక్కా. నాకు నేర్పితే నేనే మెలేస్తా."

"ఆయనేడి?"

"బల్ల మీద."

నసీమున్నీసా పేగులు పక్కకి నెట్టింది. తర్వాత ఇంకో పీట జరిపింది. "కూర్చో మరి. సిగ్గుపడతా నిలబడితే పేగులు శుభ్రం కావు."

మొదట ఉప్పు. కరీమున్ చేతులు ఉప్పునీళ్ళలో పెట్టగానే కారం తిన్న చర్మం భగ్గుమంది. పళ్ళు బిగించింది. పేగుని బల్లచెక్క మీద పరిచి వెదురుబద్దతో గీకాలి. బలంగా గీకితే చిరుగుతుంది, మెల్లగా గీకితే కొవ్వు పోదు. గీకగా గీకగా లోపల తెల్లటి పొర ఒకటి మిగిలింది. అంత కంపులోంచి అంత తెల్లటిది వస్తుందని ఆమె అనుకోలేదు. అలాంటివి కొన్ని కలిపి ఒక కొస మేకుకి కట్టి, రెండో కొస పుల్లకు కట్టి మెలివేయాలి.

"చెయ్యి ఆపమాక. ఆపితే అక్కడ ఉబ్బుద్ది. ఉబ్బిన చోటే తెగుద్ది" అంది నసీమున్నీసా, తడిగుడ్డతో తాడు పొడుగునా తుడుస్తూ. "మీ ఆయన మొదట మెలేసినయ్యన్నీ తెంపాడు. తెంపి, మళ్ళీ కూర్చునేవోడు. మా మస్తానుకి కూడా అంత ఓపిక లేదు."

ఖాదర్ వలికి ఓపిక! కరీమున్ ఆ మాటని నమ్మడానికి ఒక వరస మెలి పట్టింది.

"రేడియో ఎందుకిచ్చాడు నీకు?" అని అడిగింది చివరికి. అడక్కుండా ఉండలేకపోయింది.

"పేగులకి బదులు నేనే అడిగా. పొద్దుగూకితే ఈ ఇంట్లో మాట్లాడే గొంతు లేదు. కావాలంటే తీసుకుపో. నువ్వు కుట్టిన గౌనంట గదా."

కరీమున్ మేకుకి వేలాడే రేడియో వైపు చూసింది. "వద్దక్కా. అది మా ఇంటికొస్తే మళ్ళీ ఆయన గుండెలెక్కి కూర్చుంటది. నీ దగ్గరే ఉండనీ. చిరుగు కుట్టిచ్చి పోతా, సూదివ్వు."

అప్పుడు నవ్వింది నసీమున్నీసా, వీధి చివరికి వినపడేలా.

తాడుని ఇంటి వెనక అదే మేకుకి, అదే రాయి కట్టి వేలాడదీసింది కరీమున్. పురుగు పట్టకుండా పసుపు పూసింది. ఎండ తగలకుండా వేపరొట్ట కప్పింది. కోతలు మానుకుని కాకుల్నీ కుక్కల్నీ తోలుతూ కాపలా కూర్చుంది. ఎలీసమ్మ వచ్చి చూసి, "మళ్ళీ కట్టారా!" అని గుండెలు బాదుకోబోయింది. కరీమున్ కథంతా చెప్పి, "ఈసారి ఘాటు నీ నోటికి పెడతా" అంది.

ఖాదర్ వలి రోజూ టీ కొట్టుకి పోతూనే ఉన్నాడు. తాడుని చూశాడో లేదో తెలియదు. వాళ్ళిద్దరి మధ్య మాటలు 'అన్నం', 'నీళ్ళు' దగ్గరే ఆగిపోయాయి. ఒక మధ్యాహ్నం అతను పెరట్లోకి వచ్చి, రొట్ట తొలగించి, తాడుని గోటితో మీటాడు.

"ఇంకా ఆరాలి" అన్నాడు.

ఆ రెండు మాటలూ చాలు కరీమున్‌కి. లోపలికి పోయి కాసేపు ఏడ్చింది.

ఆరిన తర్వాత విల్లు దించారు. తాడు ఎక్కించి, అతను మోకాలు ఆనించి బిగిస్తుంటే ఆమె రెండో కొస పట్టుకుంది. ఏకడానికి దూది కావాలి. దిండులో ఇంక లేదు. కరీమున్ తన పెళ్ళినాటి పరుపు తెచ్చి, అతను వద్దనే లోపే అంచు కోసేసింది. గట్టిపడి ఉండలు కట్టిన దూది నేల మీద పడింది. అతను విల్లుని వాసం నుంచి వేలాడదీసి, తాడు దూదికి తగిలేలా వంచి, కొయ్య గూటంతో కొట్టాడు.

ధుంయ్.

తెగలేదు. మళ్ళీ కొట్టాడు. ఉండలు విచ్చుకుని ఎగిరాయి. అతని కనుబొమల మీద, ఆమె జుట్టులో, పొయ్యి మీది కుండ మీద తెల్లగా వాలాయి. చెయ్యి ఇంకా తిన్నగా రాలేదు, రెండుసార్లు గూటం వేళ్ళకి తగిలింది. సాయంత్రానికి పాత పరుపు రెండింతలైంది.

ఐనా కరీమున్ నమ్మలేదు. ఇంట్లో ఏకడం వేరు, వీధిలో కేకేయడం వేరు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. సైకిళ్ళ కొట్టు పెడతానన్న రోజుల్లో కూడా ఆరంభంలో హుషారు బాగానే ఉంది. అందుకే మర్నాడు పొద్దున ఖాదర్ వలి విల్లు భుజానికెత్తుకుని బయల్దేరితే, కోతకు పోతున్నట్టు గంప పట్టుకుని దూరంగా వెనకే నడిచింది.

అతను మొదటి వీధి దాటాడు. కేక లేదు. రెండో వీధిలో ఆడవాళ్ళు అరుగుల మీదే ఉన్నారు, అక్కడా లేదు. తలొంచుకుని, దొంగసొత్తు మోసేవాడిలా గోడల పక్కన నడుస్తున్నాడు. మలుపు తిరిగాడు. ఆ దారి సుభానీ కొట్టుకే పోతుంది.

అయిపోయింది అనుకుంది కరీమున్.

"ఏరా వలీ, విల్లెక్కడ దొరికింది? యుద్ధానికా?" అని బల్ల మీద ఒకడు అరిచాడు. "రారా, క్రికెట్టు మొదలైంది" అని ఇంకొకడు జరిగి చోటిచ్చాడు. ఖాదర్ వలి ఆగాడు. భుజం మీంచి విల్లు దించి బల్లకు ఆనించాడు.

కరీమున్‌కి ఒళ్ళు మండిపోయింది. తను కాల్చిన తాడు, తను మెలేసిన తాడు, కోసిన పెళ్ళి పరుపు అన్నీ గొంతులోకి వచ్చాయి. వీధిలో ఏనాడూ గొంతెత్తని మనిషి, గంప నేలకేసి కొట్టి అరిచింది.

"దూదేకుతామమ్మా! పరుపులూ, దిండ్లూ, బొంతలూ ఏకుతామమ్మా!"

ఆ కేక ఆడగొంతుతో ఆ ఊరు ఎప్పుడూ వినలేదు. రేడియో తప్ప అందరూ నోరు మూసుకున్నారు. ఖాదర్ వలి వెనక్కి తిరిగి భార్యని చూశాడు. అతని ముఖం కందిపోయింది. తర్వాత విల్లు మళ్ళీ భుజానికెత్తుకుని, మెడ నరాలు తేలేలా వాళ్ళ నాన్న కేక కేకేశాడు. అది ఊరవతలి పత్తిచేల దాకా పోయింది.

కొట్టు ఎదురింటి సుబ్బరావమ్మ గడపలోకొచ్చింది. "ఏమయ్యో, మా పరుపు రాళ్ళకుప్పయి కూర్చుంది. ఏకుతావా?"

"ఏకుతానండి. వస్తన్నా."

అతను కరీమున్ దగ్గరికి వచ్చాడు. "నువ్వెందుకొచ్చావే?"

"నువ్వు బల్ల మీద కూలబడతావేమో చూద్దామని."

"గొంతు ఎండుకుపోయిందే. టీ చుక్క పోసుకుని ఇక్కణ్ణుంచే మొదలెడదామని ఆగా. వీళ్ళ ముందు అరవగలిగితే ఇంకెక్కడన్నా అరవగలను గదా."

కరీమున్ అతని ముఖంలోకి అనుమానంగా చూసింది. నిజమో కాదో ఆ ముఖంలో ఏమీ తెలియలేదు. ఇంక తెలుసుకోవాలని కూడా ఆమెకు అనిపించలేదు.

సుభానీ టీ గ్లాసుతో వచ్చాడు. ఖాదర్ వలి సగం తాగి, మిగతా సగం ఆమెకిచ్చాడు. కరీమున్ నడివీధిలో నిలబడే టీ తాగింది. తర్వాత సుబ్బరావమ్మ ఇంట్లోకి పోయి, పరుపు ఒక కొస తను పట్టుకుంది.